ఈరక్క ఏరుకున్న రెండు సీట్ల కారు

ఈరక్క ఉన్నింది కదా, లారీ రాయుడి పెండ్లాం, ఆయమ్మకు లారీ అంటే పడదు. లారీ సంపాదించిన బియ్యమే తినింది, లారీ తెచ్చిన కోకే కట్టింది, అయినా పడదు. ఎందుకు పడదో చెప్తా వినండి, శెనక్కాయలు ఒలిచే చేతులు మాత్రం ఆపొద్దండి. లారీకి డ్రైవరు ఒక పక్క, క్లీనరు ఒక పక్క. క్లీనరంటే ఏమనుకున్నారు, డ్రైవరుకు ఎడమపక్క కన్ను అనుకో. బండి ఎనక్కి తీసేటప్పుడు, సందులో దూర్చేటప్పుడు వాడు దిగి రేకు మీద అరచేత్తో కొడతాడు. ఒక దెబ్బ కొడితే ఆగు. రెండు దెబ్బలు కొడితే పోనీ. నోటితో చెప్పేది లేదు, ఆ ఇంజను రొదలో నోరు యాడ వినపడతాది? నేను మూటలు మోసిన కాలంలో ఎన్ని లారీలు చూసినానో, ఏ లారీకి పో, ఇదే బాస. ఇంగ రాయుడు ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చేవాడు. ఇంత తిని, ఇంత కునుకు తీసి, మళ్ళా బయల్దేరేవాడు. ఈరక్క చెంబు పట్టుకొని వాకిట్లో నిలబడుకోనుంటే, ఎనకనుంచి క్లీనరు రేకు మీద దబ్ దబ్. రెండు దెబ్బలు. అంతే, లారీ పోయేది. ‘ఎప్పుడొస్తావయ్యా’ అనే మాట ఆయమ్మ నోట్లో సగం ఉండంగానే పోయేది. ముప్పై ఏండ్లు ఆ దెబ్బలు విని విని, పక్కింట్లో ఎవురన్నా రోకలి ఎత్తి ఏసినా ఆయమ్మ వాకిట్లోకి వచ్చి చూసేదంట.

రాయుడు మంచోడు. ఈ మాట ముందే చెప్తాండా, తర్వాత ఆయప్పను తిట్టినానని నామీదికి రావొద్దండి. దోవలో ఎవురు చెయ్యెత్తినా ఆయప్ప నోట్లో ఒకటే మాట, ‘రా, ఎక్కు, జాగా ఉండాది.’ ముసలోళ్ళను ఎక్కించుకున్నాడు, బిడ్డను చంకనేసుకొని ఎండలో నిలబడినోళ్ళను ఎక్కించుకున్నాడు, తప్పిపోయిన గొర్రెపిల్లను ఎక్కించుకొని గొల్లోళ్ళ ఇల్లు ఎతికి అప్పజెప్పినాడంట. ఊరందరికీ జాగా ఉండాది. పెండ్లాం మాత్రం ఆ లారీ ముందర సీట్లో ఒక్క దినం కూచోల్యా. అది క్లీనరు సీటు కదా! అన్నం తినేటప్పుడు మాత్రం కథలు చెప్పేవాడు. ‘మేయ్ ఈరీ, ఆర్సిలీ కొండకు సిమెంటు లోడు ఏసుకొని పోయినా. ఆ దోవ చూడల్లనే. మలుపు తిరిగితే మలుపు. ఆ కొసకు పోతే మేఘం వచ్చి అద్దానికి తగులుతాదే, చెయ్యి బయట పెడితే తడుస్తాది’ అనేవాడంట. ఈమె చారు పోస్తా ఊఁ కొట్టేది. మేఘం ముట్టుకున్నోడు మొగుడు, ఊఁ కొట్టేది ఈమె. నాకు ఇక్కడ కోపమొస్తాది చూడండి. రానీ, నా కోపంతో ఏం పని, కథ వినండి.

ఏమైందంటే, రాయుడు లారీ వదిలేసినాడు. ఇంగ చాలు అని వదిలేసి, ఒక పాత జీపు కొని, ‘ఈరీ, ఇంగ ఆదివారం ఆదివారం నిన్ను తిప్పుతా. మొదటి వారం ఆర్సిలీ కొండే’ అన్నాడు. ఆయమ్మకు ఎంత సంతోషమో! పెండ్లి కోక తీసి ఎండకు ఆరేసింది. చిత్రాన్నం కలిపి డబ్బాకు పెట్టింది. ఆదివారం పొద్దున జీపు కాడికి వస్తే ముందర సీట్లో రాయుడి అక్క గంగక్క కూచోనుండాది. ఎనక గంగక్క కోడలు, కోడలి తమ్ముడు, రెండు కోళ్ళు. ఇంగా ఎవురో కాలిపోయిన బోరు మోటరు తెచ్చి, దాన్ని నిలబెట్టేదానికి లేదని అడ్డంగా పండబెట్టినారు. ‘ఈరీ, రా, ఎక్కు, జాగా ఉండాది’ అన్నాడంట రాయుడు. ఎక్కింది. మోటరు ఒళ్ళో పెట్టుకొని కూచునింది. చిన్నబిడ్డను పండబెట్టుకున్నట్ల, పెండ్లి కోక మీద, గ్రీజు కారే మోటరు! హిందూపురంలో మోటరుకు కొత్త తీగ చుట్టించి, కోళ్ళు అమ్మి, గంగక్కకు గాజులు తొడిగించి, పొద్దుగూకే యాళకు ఇల్లు చేరినారు. యాడికి పోయిరి ఆర్సిలీ కొండకు? మోటరంగడికి పోయొచ్చిరి.

నగుతాండారా? నగండి. మీరు కూడా ఎక్కినోళ్ళే కదా. మనూర్లో బండి కొన్నోడు బండికి యజమాని కాదప్పా, డ్రైవరు. యజమాని ఊరు. సరే, రెండో ఆదివారం ఏమైందంటే, యాడనో పెండ్లి మాటముచ్చట ఉందని పెద్దమనుషులు ఎక్కినారు. ఈరక్క ఒక కాలు జీపులో పెట్టింది, రెండో కాలుకు జాగా లేదు. దిగింది. రాయుడు స్టీరింగు కాడనుంచే, ‘ఈరీ, వచ్చే వారం వద్దువులే’ అన్నాడు. ఎనకనుంచి ఎవుడో మహానుభావుడు జీపు రేకు మీద దబ్ దబ్ అని కొట్టినాడు. జీపు పోయింది. ఆయమ్మ చిత్రాన్నం డబ్బా పట్టుకొని ఆ దుమ్ములో అట్లే నిలబడిందంట. లారీ పోయి జీపు వచ్చింది గాని, ఆ రెండు దెబ్బలు యాడికి పోతాయి, అవి అట్లే ఉండాయి.

ఆ పొద్దు ఈరక్క కొట్లాడల్యా. కొట్లాడింటే రాయుడికి బాగుండు, ఆడోళ్ళు కొట్లాడకపోతేనే మొగోళ్ళకు భయం. ఆయప్ప తినేటప్పుడు ముద్ద పెడతా నిదానంగా చెప్పిందంట. ‘ఇదో చూడు. ఇద్దరికే సీట్లుండే బండి ఉంటే తే. లేకుంటే ఇంగ నా ముందర ఆదివారం అనే మాట ఎత్తొద్దు. కొండ మాట అసలే ఎత్తొద్దు. మేఘం కథ చెప్తివంటే ఆ చారు నీ నెత్తిన పోస్తా.’ రాయుడు, ‘ఇద్దరికే సీట్లుండే బండి యాడుందే, మోటరుసైకిలా?’ అంటే, ‘మోటరుసైకిలంటే మనూరికి నలుగురు’ అనింది. మాట నిజమే కదా! అప్పుడు రాయుడు మస్తానుకు ఫోను చేసినాడు. మస్తానంటే ఒకప్పుడు రాయుడితో లారీ తోలినోడే, ఇప్పుడు బెంగుళూరు కాడ యలహంక అవతల షెడ్డు పెట్టుకొని పాత కార్లు అమ్ముతాండాడు. ‘రెండే సీట్లుండే కారు ఉంటాదా రా మస్తానూ?’ అంటే, ఆయప్ప పడీ పడీ నగినాడంట. ‘ఉండాయన్నా, రేసు కార్లంటారు. డబ్బున్నోళ్ళు ఆదివారం గాలికి తోలేదానికి కొంటారు. మూట ఎయ్యలేవు, మనిషిని ఎక్కించలేవు, ఏ పనికీ రాదు.’ ఈరక్క పక్కనుంచి వినింది. ‘ఏ పనికీ రాదా? అదే కావల్ల’ అనింది. ‘కొత్తది మనకెందుకు, ఎవురో తోలి ఇడిసిపెట్టింది చూపించమను’ అనింది. అట్లాంటి పాతవాటిని ఎవురూ కొనరు, ధర దిగిపోయుంటాది కదా, అందుకని జీపు ఇచ్చి పాతది ఒకటి తీసుకొని పొమ్మన్నాడు మస్తాను.

ఇద్దరూ పోయినారు. జీపును ఆ దినం ఎవురికీ చెప్పకుండా తెల్లారకముందే కదిలించినారంట, లేకుంటే బెంగుళూరుకు కూడా ఎక్కేవాళ్ళు మనోళ్ళు. షెడ్డులో మూడు కార్లు పెట్టినాడు మస్తాను. మొదటిది ఎర్రది, నున్నగా మెరుస్తా ఉండాది. రాయుడు దాని చుట్టూ తిరిగి, ‘ఇది బాగుందే ఈరీ’ అన్నాడు. ఈరక్క అద్దానికి మొగం ఆనించి లోపల చూసింది. ‘ఆ ఎనక ఏందది?’ అనింది. ‘అది ఊరికే వదినా, చిన్న సీటు. పిల్లోల్లు కూచుంటే కూచోవచ్చు, కాళ్ళు కూడా పట్టవు’ అన్నాడు మస్తాను. ‘నీకు మా ఆడబిడ్డ తెలీదు మస్తానూ. ఆ సీటు చూసిందంటే దాంట్లో నలుగుర్ని కూచోబెట్టి, కాళ్ళు కిటికీలోనుంచి బయటికి పెట్టిస్తాది. వద్దు’ అనింది.

రెండోది పసుపుపచ్చది. దాని సీట్లు రెండే. దాని ఇంజను మోత విని రాయుడు కండ్లు మూసుకున్నాడంట, తంబూరా విన్నట్ల. ఈరక్కకు ఇంజను యాడ తెలుస్తాది, ఆయమ్మకు తెలిసింది కుండ. కుండ కొనేటప్పుడు ఆడోళ్ళు ఏం చేస్తారు? ఏలు మడిచి కొట్టి చూస్తారు, ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగిలింది. అట్లే ఆ పసుపు కారు మీద మడిచిన ఏలితో కొట్టి చెవి పెట్టింది. బొంగురుగా పలికింది. ‘ఇది పగిలింది మస్తానూ. నువ్వు అతుకులేసి రంగు పూసినావు. మొగోడు కాబట్టి ఆయప్పకు తెలీదు, నాకు తెలిసిపోయింది’ అని చెయ్యి నడుము మీద పెట్టుకునింది. మస్తాను నెత్తి పట్టుకున్నాడు. ‘అది ఇనుము కాదు వదినా! ఫైబరు! తొట్టి ఉంటాది చూడు, నీళ్ళ తొట్టి, ఆ జాతి. నువ్వు తెల్లారేదాకా కొట్టినా అది అట్లే పలుకుతాది’ అన్నాడంట. ఆయమ్మ ఏమన్నా సిగ్గుపడిందా? ‘తొట్టిలో నీళ్ళు పోసుకుంటాం గాని ఎక్కి కూచుంటామా? వద్దు’ అని మూడోదాని కాడికి పోయింది.

మూడోది నీలంది. వయసైపోయిన బండి. బెంగుళూరులో ఎవురో కాఫీతోట ఆసామి ముచ్చటపడి తోలుకున్నాడంట, ఆయప్ప పోయినాక కొడుకులకు దానితో పని లేక అమ్మేసినారు. సీటు తోలు నెర్రెలు బారింది, ముందర ఒక లైటు కొంచెం కిందికి చూస్తా ఉండాది, నిద్ర చాలని కన్ను మాదిరి. ఎత్తా? నేలకంటుకొని ఉండాది. రాయుడు ఏం చేసినా దాంట్లో దూరలేకపోయినాడు. లారీలో ఎక్కి కూచున్నోడు కదా, దీంట్లో దిగి కూచోవల్ల. ‘ఆకాశంలో కూచున్నోణ్ణి తెచ్చి పొయ్యి కాడ పీట మీద కూచోబెట్టినావు కదరా’ అని మస్తాన్ను తిట్టుకుంటా, కాళ్ళు ముందు లోపలికేసి, తర్వాత తల వంచి, ఎట్లనో దూరినాడు. ‘పొయ్యి కాడ పీట మీద నేను ముప్పై ఏండ్లు కూచున్నా, నాకేం కష్టం లేదు’ అనింది ఈరక్క. రాయుడు ఇంజను తిప్పినాడు. అది మొదట దగ్గింది, తర్వాత గొంతు సవరించుకునింది, తర్వాత నిదానంగా పలికింది. రాయుడు చెవి దాని మీదే పెట్టి, కాలు అదుముతా వదుల్తా ఉండాడు.

ఇప్పుడు ఏమైందంటే, వినండి, ఇక్కడే ఉండాది కథంతా. ఈరక్క ఎనకపక్క నిలబడుకోనుండాది. ఇది ఇనుమో, ఫైబరో చూద్దామనుకునింది. ఏలితో కొడితే ఇందాక మస్తాను నెత్తి పట్టుకున్నాడు కదా, అందుకని ఈసారి అరచెయ్యి చాపి కారు రేకు మీద గట్టిగా కొట్టింది. దబ్ దబ్. రెండు దెబ్బలు! అంతే అప్పా! రాయుడు ఎనక్కి చూసిందీ లేదు, పక్కకు చూసిందీ లేదు. ముప్పై ఏండ్ల అలవాటు కాళ్ళల్లో ఉండాది కదా, తలదాకా ఎందుకు పోతాది? గేరు ఏసినాడు, కాలు అదిమినాడు, లారీకి అదిమినట్ల అదిమితే ఆ కారు ఊరుకుంటాదా? గేటు దాటి రోడ్డెక్కి, కన్ను మూసి తెరిచేలోపల కనపడకుండా పోయింది. ఇక్కడ దుమ్ము, ఆ దుమ్ములో ఈరక్క, ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉండాది.

మస్తాను కడుపు పట్టుకొని నగినాడు. నగి నగి ఈమె మొగం చూసి ఆగిపోయినాడు. ఈరక్క పోయి అక్కడుండే పాత టైరు మీద కూచునింది. తన అరచెయ్యి తనే చూసుకుంటా, ‘మస్తానూ, ఇన్నాళ్ళు క్లీనర్ని తిట్టుకుంటి, ఆ జీపు కొట్టినోణ్ణి తిట్టుకుంటి. ఈపొద్దు నా చేత్తో నేనే పంపిస్తి. పక్కన నేను ఎక్కినానా లేదా అని ఒక్కసారి తల తిప్పల్యా చూడు. లారీ అయితేమి, జీపు అయితేమి, రెండు సీట్ల కారైతేమి, ఆయప్ప పోయేవాడే, నేను నిలబడేదాన్నే. కారు వద్దు, ఏమీ వద్దు, బస్సుకు టికెట్టు తీసి నన్ను ఊరికి పంపు’ అనిందంట. మస్తాను టీ తెప్పిచ్చినాడు. ఆయమ్మ తాగల్యా.

అక్కడ రాయుడేమో గాల్లో ఉండాడు. ఆయప్పే తర్వాత ఈరక్కకు చెప్పుకున్నాడంట. రోడ్డు ఖాళీగా ఉండాది, బండి బాణం మాదిరి పోతాండాది, లోడు లేదు, తూకం లేదు, చేరాల్సిన టయిము లేదు. ముప్పై ఏండ్లలో ఊరికే బండి తోలింది అదే మొదలు. ఆ సంతోషంలో, ‘చూస్తివా ఈరీ, గాలి ఎట్లుండాదో’ అని ఎడమపక్కకు తిరిగినాడు. సీటు ఖాళీ. ఆ నెర్రెలు బారిన తోలు సీటు, దాని మీద ఇంత ఎండ పడతా ఉండాదంట, అంతే. లారీలో ఎప్పుడన్నా ఎడమపక్క చూస్తే క్లీనరు ఉంటాడు, ఆ సీటు ఖాళీగా ఉండేది ఆయప్ప చూడనే లేదు. ఎవురు కూచున్నా, ఈరీ లేకుండా ఇన్నాళ్ళు అది ఖాళీ సీటే కదా అని ఆ పొద్దు తెలిసొచ్చిందంట ఆ మహానుభావుడికి. బండి తిప్పినాడు.

షెడ్డులోకి వచ్చి ఈరక్క కూచున్న టైరు ముందర ఆపినాడు. ఈమె తల ఎత్తల్యా. మస్తానే ఏందో ఒకటి చేద్దామని, ‘లే వదినా, ఎక్కు’ అని ఎడమ తలుపు పిడి పట్టి లాగినాడు. రాల్యా. మళ్ళా లాగినాడు. ‘అరెరె, మరిచిపోయినా వదినా. ఈ తలుపు బయటనుంచి రాదు. లోపలుండేవాళ్ళే తీయల్ల. ఏమనుకోవద్దు, బాగు చేయించి ఇస్తా’ అన్నాడు. లోపల రాయుడు ఇది విన్నాడు. లారీ డ్రైవరు ఎవురికన్నా తలుపు తీసినోడా? ఎవురి తలుపు వాళ్ళే తీసుకొని ఎక్కల్ల. ఆయప్ప ఆ ఇరుకులో అట్లా పడి ఇట్లా పడి, గేరు కడ్డీ కడుపులో పొడుచుకుంటాంటే, చెయ్యి చాపి, లోపలి పిడి అందుకొని తలుపు తెరిచినాడు. తెరిచి, ‘ఈరీ, రా, ఎక్కు’ అన్నాడు. ‘జాగా ఉండాది’ అనే మాట మాత్రం రాల్యా నోట్లోనుంచి.

ఈరక్క లేచింది. ఎక్కల్యా. తలుపు మళ్ళా మూసేసింది. బయటనుంచి తనే పిడి లాగి చూసింది, రాల్యా. ఇంగా గట్టిగా లాగింది, రాల్యా. ‘మస్తానూ, ఎవురు లాగినా రాదా?’ ‘రాదు వదినా.’ ‘మా ఆడబిడ్డ లాగినా?’ ‘పహిల్వాను లాగినా రాదు.’ ‘లోపల ఆయప్ప తీస్తేనే ఎక్కేది?’ ‘ఆ, అంతే. చెప్తి కదా బాగు చేయించి...’ ‘దాని జోలికి పోయినావంటే చెయ్యి ఇరుస్తా. నాకు ఇదే కావల్ల’ అనింది. లోపల రాయుడు ఏమీ అర్థం కాక కూచోనుండాడు. ఈరక్క అద్దం మీద ఏలితో తట్టింది. ఆయప్ప మళ్ళా పడీ లేచీ చెయ్యి చాపి తలుపు తీసినాడు. అప్పుడు ఎక్కింది. పీట మీద కూచున్నట్ల ఎంత సుళువుగా కూచునిందో!

ఊరికి తెచ్చినారు. తెచ్చి ఊర్లోకి రాలేకపోయినారు, ఆ మోరీ కాడ గుంతకు కారు కడుపు తగులుతాది. అందుకని తారు రోడ్డు మీద పాలకేంద్రం పక్కన నిలబెట్టి, చక్రాలకు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, గుమ్మడికాయ కొట్టినారు. చూసేదానికి రానోళ్ళు లేరు. ‘ఇది ఏందిరా కప్ప మాదిరి’ అన్నోడు ఒకడు. ‘మంచి జీపు ఇచ్చి దీన్ని తెచ్చినారా, ఈరక్కకు గాలి సోకింది’ అన్నోళ్ళు కొందరు. సోకనీ. ఎవురికన్నా ఒళ్ళు బాగలేకపోతే ఆటోలు లేవా, ఆంబులెన్సు రాదా? గాజులకు, మోటర్లకు కదా మీకు జీపు కావల్సింది!

ఆదివారం వచ్చింది. ఈరక్క గ్రీజు మరక పడిన పెండ్లి కోకే కట్టింది, మరక లోపలికి పోయేట్ల కుచ్చిళ్ళు పెట్టుకునింది. డబ్బా పట్టుకొని రోడ్డెక్కితే, రాయుడు ముందే పోయి కారులో కూచోనుండాడు. ఎడమ తలుపు కాడ ఎవురుండారో చెప్పండి? గంగక్క! పక్కన ఇంత లావు చింతపండు సంచి. ‘రాయుడూ, కదిరి మీదనే కదరా పోతారు? నన్ను కూతురింటి కాడ దించిపోండి. ఈరీకేముంది, వచ్చే వారం వస్తాది’ అంటా తలుపు పిడి లాగతాండాది. తలుపు రాల్యా. ‘ఒరే, తలుపు తీయరా.’ ఈరక్క కొంచెం దూరంలోనే ఆగిపోయింది. ఇంగ తలుపుతో పని లేదు కదా, ఆ తలుపు లోపలుండే మనిషితోనే పని. పాలకేంద్రం కాడ ఉండే జనమంతా చూస్తాండారు. రాయుడు అక్కను చూసినాడు. ఆయప్పను ఎత్తుకొని పెంచిన అక్క! చెయ్యి పిడి దాకా పోయింది. ఈరక్క డబ్బాను చేతుల్లో గట్టిగా పట్టుకునింది. ‘రా అక్కా...’ అన్నాడు రాయుడు. జీవితమంతా చెప్పిన మాట కదా, దానంతట అదే వచ్చేసింది. ఆపైన ఆగినాడు. ఎడమపక్క ఖాళీ సీటు చూసినాడు. దాని మీద ఎండ పడతాండాది. నుదుటి మీద చెమట తుడుచుకొని, ‘జాగా లేదక్కా’ అన్నాడు.

పుట్టి పెరిగినాక ఆయప్ప నోట ఆ మాట ఎవురూ వినల్యా. పాలు పోసే ఆడోళ్ళు పోసేది ఆపినారంట. గంగక్క నోరు తెరిచి తెరిచినట్లే ఉండాది. ‘ఏమంటివి?’ ‘జాగా లేదక్కా. ఈ సీటు ఈరీది’ అని, చెయ్యి చాపి తలుపు తెరిచి, ఈరక్క వైపు చూసినాడు. ఈరక్క వచ్చి కూచునింది. కండ్లలో నీళ్ళు వచ్చినాయో, లేదో, నేనెందుకు చెప్పల్ల, మీకు తెలీదా? గంగక్క మొగం ఇంత అయిపోయింది. ఏమంటాదో అని అందరూ చూస్తాండారు. ఆయమ్మ ఒక ఊపున చింతపండు సంచి ఎత్తి ఈరక్క ఒళ్ళో దబ్బుమని పడేసింది. ‘మనిషికి జాగా లేకపోతే లేకపాయె, సంచికైనా ఉండాదా? కదిరిలో కూతురికి ఇచ్చిపోండి’ అనింది. ఈరక్క ఫక్కున నగింది. మోటరు మోసిన ఒళ్ళే కదా, చింతపండు ఎంత! ‘ఇయ్యి వదినా, ఇస్తాంలే’ అనింది. గంగక్కకు కూడా ఏమనిపించిందో ఏమో, ‘పోండి పోండి, పొద్దెక్కితే ఎండ’ అని కారు ఎనకపక్కకు పోయి, అరచేత్తో రేకు మీద దబ్ దబ్ అని రెండు దెబ్బలు కొట్టింది. ఈరక్క ఉలిక్కిపడింది. కారు కదిలింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము ఈసారి ఈరక్కకు ఎనకుండాది.

కొండ ఎక్కినారా అంటే ఎక్కినారు. మేఘం అద్దానికి తగిలిందా అంటే, ఎండాకాలంలో మేఘం యాడనుంచి వస్తాది, తగల్యా. ‘ముప్పై ఏండ్లు అబద్ధం చెప్తివి’ అని ఆ కొసన నిలబడుకొని మొగుణ్ణి తిట్టిందంట, తిడతా చిత్రాన్నం పెట్టిందంట. ఇంగో మాట, ఆ సంతోషంలో కదిరి వచ్చింది, కదిరి పోయింది, ఇద్దరికీ గుర్తు లేదు. గంగక్క చింతపండు ఆర్సిలీ కొండ చూసి, మళ్ళా భద్రంగా గంగక్క ఇంటికే వచ్చింది. చప్పుడు కాకుండా ఆయమ్మ అటక మీద పెట్టేసినారు, గంగక్క ఇంగా చూడల్యా. ఆ తలుపు కూడా ఈపొద్దుకీ బాగు చేయించల్యా. మీరు కూడా ఊరికే దాని పిడి లాగి చూసేది మానుకోండి. లేయండి, మబ్బు పట్టింది, చాటలు ఎత్తండి, ఆ గింజలు తడవకముందే లోపల పెట్టండి.